సున్నా నీళ్ళు

హన్మంత్ గౌడ్ ఇంట్లో ఎత్తు అనే మాట ఎవరూ ఎత్తరు. తండ్రి కాశయ్య ముప్పై ఏళ్ళు కల్లు గీతకు తాటిచెట్లెక్కి, ఒక వానపొద్దున కాలు జారి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. కొడుకు ఆ చెట్ల జోలికి పోకుండా పట్నం పోయాడు. పోయి ఏం చేశాడయ్యా అంటే, గచ్చిబౌలి అద్దాల మేడలకు తాడు కట్టుకుని వేలాడుతూ కిటికీలు తుడిచాడు. తండ్రి మోకుతో పైకెక్కితే కొడుకు తాడుతో కిందికి దిగాడు, అంతే తేడా. ఆ పనిలో చేరిన పదకొండో ఏట అతనూ పడ్డాడు. పోర్టికో అడ్డమొచ్చింది కాబట్టి ప్రాణం దక్కింది. ఎడమ మడమలో మాత్రం ఇనుప మొలలు మిగిలిపోయాయి.

దవాఖానలో భార్య రేణుక అతని చేయి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "మల్ల తాడు వట్టినవంటే నా పీనుగను జూసినట్టే" అంది. హన్మంత్ ఒట్టు వేశాడు. వేసేటప్పుడు ఏ ఒట్టయినా తేలికే.

ఇబ్రహీంపట్నం చుట్టూ చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. కాశయ్య ఎక్కిన తాటిచెట్లన్నీ ఒక వెంచర్ కోసం రెండు రోజుల్లో నేలకూలాయి. పొలాలు పోయినచోట అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. అద్దమున్నచోట దుమ్ముంటుంది, దుమ్మున్నచోట తనకు పనుంటుందని హన్మంత్ లెక్క. ఊరి చివరున్న ఒక్క ప్లాటూ అమ్మి పాత డబ్బా వ్యాను కొన్నాడు. దాని వెనకాల ఐదువందల లీటర్ల ట్యాంకు, మోటారు, నీటిని వడగట్టే మిషను బిగించాడు. వందమీటర్ల పైపు, దాని చివర ఒకదాంట్లోంచి ఒకటి సాగే నలభై అయిదు అడుగుల కర్ర, ఆ కర్ర కొసన బ్రష్షు. మనిషి నేలమీద నిలబడి నాలుగో అంతస్తు అద్దం కడగొచ్చు. ఆ ఒక్క ముక్క కోసమే రేణుక ప్లాటు కాగితాల మీద మారుమాట లేకుండా వేలిముద్ర వేసింది.

కిటుకంతా నీళ్ళలో ఉంది. ఇబ్రహీంపట్నం బోరునీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. చెంబు కడిగి బోర్లిస్తే తెల్లారేసరికి చెంబు మీద ముగ్గేసినట్టుంటుంది. ఆ నీళ్ళతో అద్దం కడిగితే ఆరినచోటల్లా మచ్చే. మిషను ఆ ఉప్పునంతా లాగేస్తుంది. మిషను మీది అంకె, పెన్నులాంటి మీటరు ముంచితే పడే అంకె రెండూ సున్నా చూపాలి. సున్నా నీళ్ళు ఆరితే అద్దం మీద ఏమీ మిగలదు, గుడ్డతో తుడవాల్సిన పనీ లేదు. హన్మంత్ ఈ సంగతి వాడకట్టంతా చెప్పి చెప్పి విసిగించాడు. వినికిడి సగం పోయిన కాశయ్య కూడా ప్రతిసారీ తల ఊపేవాడు.

సాగర్ రోడ్డు మీద కొత్తగా లేచిన నాలుగంతస్తుల ఆఫీసులో మేనేజరు కృష్ణారావు. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి, మాట నెమ్మది, పట్టు గట్టిది. "శనివారం ముందువైపు కడిగి చూపించవయ్యా. మా కంపెనీ పెద్దాయన కూడా వస్తారు. బాగుంటే ఏడాది పని నీదే. లేదంటే మామూలుగా తాళ్ళవాళ్ళనే పిలిపించుకుంటాం" అన్నాడు. ఆ ఏడాది పని దొరికితే బండి వ్యాపారం నిలదొక్కుకుంటుంది. దొరక్కపోతే తాళ్ళ పని మేస్త్రీ దేవేందర్ పిలుపు ఎటూ ఉండనే ఉంది. మనుషులు చాలట్లేదని వారానికి రెండుసార్లు ఫోను చేస్తున్నాడు.

శుక్రవారం సాయంత్రం బ్రష్షు అరిగిందని కొత్తది కొనడానికి హన్మంత్ పట్నం పోయాడు. రేణుక పుట్టింటికి పోయింది. ఇంటి ముందు బండిలో ట్యాంకు నిండుతోంది, పక్కన కాశయ్య కాపలా. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు హారన్ల మధ్య హన్మంత్ ఫోను చేశాడు.

"బాపూ, ట్యాంకు నిండిందా?"

"ఆఁ, నిండింది కొడుకా."

"నీళ్లల్ల సున్నా ఉండాలె. మిషన్ మీద జర చూడు. సున్నా లేకుంటే అద్దాల మీద మచ్చలు వడ్తయ్. మన పని ఖతం!"

"ఏమన్నవ్? సున్నముండాల్నా?"

"అవ్ బాపూ, సున్నా ఉండాలె!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను జూసుకుంట."

రాసి చూస్తే ఆ రెండు మాటలకూ తేడా చివరనున్న సున్నాయే. చెవిటి చెవికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

శనివారం తెల్లవారగానే తండ్రీ కొడుకులు బయల్దేరారు. కాశయ్య ఉతికిన ధోతి కట్టుకుని, కొడుకు నేలమీద నిలబడి చేసే పని కళ్ళారా చూడాలని వెంటపడి వచ్చాడు. బండి ఎక్కుతూ హన్మంత్ అడిగాడు.

"చూసినవా బాపూ?"

"నువ్వు చెప్పినట్టే ఉన్నది" అన్నాడు కాశయ్య, నిండుగా.

మీటరు హన్మంత్ జేబులోనే ఉంది. తీసి ముంచడానికి పట్టేది రెండు క్షణాలు. కానీ తండ్రి చూశానని చెప్పాక ఆయన కళ్ళ ముందే మీటరు పెట్టడమేమిటని తీయలేదు. ఇదిగో, మన మర్యాదలు ఇలాంటిచోటే కొంప ముంచుతాయి.

ఏడున్నరకల్లా పని మొదలైంది. కర్ర సాగింది, బ్రష్షు నాలుగో అంతస్తు తాకింది, నీళ్ళు అద్దం మీద జాలుగా దిగాయి. వాచ్‌మెన్లు, టీకొట్టువాడు, ఆఫీసు పిల్లలు తలలెత్తి చూశారు. ప్రహరీ అరుగు మీద కూర్చున్న కాశయ్య పక్కవాళ్ళతో "మా పోరడే. కిందనే నిలవడ్డడు, సూడుండ్రి" అని నాలుగుసార్లు చెప్పాడు. హన్మంత్‌కు మడమ నొప్పి కూడా తెలియలేదు. తడి అద్దంలో ఆకాశం మెరుస్తుంటే చాలా కాలం తరువాత అతనికి కడుపునిండా సంతోషం కలిగింది.

తొమ్మిదింటికి ఎండ ముందువైపుకు తిరిగింది. అద్దాలు ఆరాయి. పై వరుస నుంచి కింది వరుస దాకా తెల్లని చారలు, చుక్కలు తేలాయి. కడగకముందు ఉన్న దుమ్మే నయమనిపించింది. కారు దిగిన పెద్దాయన ఒకసారి పైకి చూసి లోపలికి పోయాడు. కృష్ణారావు కింది అద్దాన్ని వేలితో రుద్దాడు. వేలికి తెల్లగా అంటింది.

"ఏంటయ్యా ఇది? సున్నం కొట్టావా?" అన్నాడు.

హన్మంత్ బండి దగ్గరకు కుంటుతూ పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మీటరు ముంచాడు. నాలుగొందలు దాటింది. మిషను చెడిందా, మోసపోయానా అని మిషను తడుముతున్నవాడి భుజం మీద తండ్రి చేయి పడింది.

"సున్నం తక్కువైందా బిడ్డా?"

"ఏం సున్నం బాపూ?"

"నువ్వే చెప్తివి గద ఫోన్ల. నీళ్లు జూస్తే ఉత్తగ తేటగున్నయ్, సున్నం లేదు. కల్లు వట్టే లొట్టిల సున్నం రాస్తె నీరా పులవకపోయేది, గట్లనే గిదీ అనుకున్న. రాత్రి నువ్వు రాకముందే ముద్ద నానవెట్టిన. పైపుల అడ్డం వడ్తదని తేట మాత్రమే, బట్టల వడగట్టి పోసిన. తప్పైందా?"

ఆయన ఎంత జాగ్రత్తగా చేశాడో హన్మంత్‌కు అర్థమైంది. ముద్ద ముద్దగానే పోసి ఉంటే నీళ్ళు తెల్లబడి తెల్లారే కనబడేది. కోపమొచ్చింది. ఎవరి మీద చూపాలి? ఎదురుగా ఉన్నది వంగిపోయిన నడుముతో, తన ముఖంలోకి చూస్తున్న ముసలాయన.

కృష్ణారావు దగ్గరకొచ్చాడు. మనిషి రాక్షసుడేం కాదు. "కారణం ఏదైనా ఉంటే చెప్పవయ్యా. నీళ్ళలో ఏమైనా కలిసిందా? ఎవరైనా చేయి పెట్టారా? అలా అయితే పైవాళ్ళకు చెప్పి ఇంకో రోజు ఇప్పిస్తాను" అన్నాడు.

ఒక్క మాట చాలు. మా బాపుకు చెవుడు సార్, సున్నా అంటే సున్నమని పోసిండు. ఆ మాటంటే జనమంతా నవ్వుతారు. నవ్వి, ఇంకో రోజు ఇస్తారు. కాశయ్య వినే చెవి ఇటు తిప్పి, కొడుకు నోటి వంకే చూస్తున్నాడు. హన్మంత్ నోరు తెరిచాడు.

"ఎవ్వరు చెయ్యి వెట్టలే సార్. మిషన్లనే ఖరాబున్నది" అన్నాడు.

"మిషనే చెడిపోతే ఇంక నేనేం చేయనయ్యా" అని కృష్ణారావు నిట్టూర్చి, ఫోను తీసుకుని పక్కకు పోయాడు.

మధ్యాహ్నం దేవేందర్ నుంచి ఫోనొచ్చింది. సాగర్ రోడ్డు మీద అర్జంటు పని తగిలిందట, అద్దాలకు ఎవడో తెల్లమచ్చలు చేసి పోయాడట, సోమవారం నలుగురు కావాలట. హన్మంత్ ఆఖరికి వస్తానన్నాడు. ఈ మాట రేణుకకు ఎలా చెప్పాలో అతనికి తెలియదు.

ఆదివారం సాయంత్రం అటక మీది తాడు దించి వాకిట్లో పరిచాడు. కాశయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. పాత గీత పనివాడి వేళ్ళతో తాడును మూర మూరా తడిమి, పోగు తెగినచోటల్లా చూపించాడు. కొసాకరుకు వచ్చాక, "మిషన్ ఖరాబైతే నువ్వేం జేస్తవ్ బిడ్డా" అన్నాడు మెల్లగా. "అది బాగయినంక జెప్పు. ఈపారి సున్నం జర ఎక్కువ నానవెడ్త."

"సరే బాపూ" అన్నాడు హన్మంత్.