సోములు బావా, వంతుల పెట్టె

మా సోములు బావకి అనుమానం పుట్టుకతో వచ్చిందో, పొలాల పంపకాల్లో వచ్చిందో నాకు తెలీదు. రాజాం సంతలో వంకాయలు కొన్నా తక్కెడ అడుగు తడిమి చూస్తాడు. మా ఇంట్లో టీ ఇస్తే నా గ్లాసుకేసి ఓసారి, తన గ్లాసుకేసి ఓసారి చూసి గానీ తాగడు. మా ఆయన ఎర్రన్నకి ఆయన వరసకి అన్న. గట్టుకి ఇటు పొలం మాది, అటు ఆయనది. కరెంటు లైను చిట్టచివర, గెడ్డవాగు పక్కనున్న పొలం చెక్క ఆయన అప్ప, అంటే అక్క, సుభద్రమ్మ వదినది. మొగుడు పోయాక ఆవిడకి ఆ చెక్కే బతుకు.

అందరి బోర్లకీ కలిపి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. మోటర్లకి మాత్రం అందరూ ఆటో స్టార్టర్లు పెట్టించారు. త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే, పొలంలో మనిషి ఉన్నా లేకపోయినా మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. వోల్టేజి చతికిలబడుతుంది. చివరనున్న వదిన మోటరు తిరగలేక గుర్రుమని మూలుగుతుంది. "ఒకడి తరవాత ఒకడు ఏసుకోండర్రా" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా వినేదెవరు? తను ఆపితే పక్కవాడు తోడేసుకుంటాడని ప్రతివాడికీ భయం.

కిందటేడు మొక్కజొన్న వేసిన కొత్తలో, విజయనగరం నుంచి సంహిత అని ఒక ఇంజనీరమ్మ వచ్చి ప్రతి మోటరు దగ్గరా ఒక పెట్టె బిగించింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పెరిగితే ఆ పెట్టెలు కొన్ని మోటర్లని కాసేపు ఆపి మిగతావాటిని నడుపుతాయట. తరవాత వంతులు మారతాయట.

"అయితే నా మోటరు తాళం నీ సేతిలో ఎట్టమంటావు. అంతేనా గుంటా?" అన్నాడు బావ.

"నా చేతిలో ఏమీ లేదండీ. బరువు చూసి పెట్టే ఆపుతుంది. సాయంత్రం లోపల మీ నీళ్లు మీకు వచ్చేస్తాయి."

"వస్తాయని నువ్వంటన్నావు. పెట్టి అన్నాదా?"

ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నాకైతే తల బాదుకోవాలనిపించింది.

ఇక మర్నాటి నుంచి బావ నెత్తిన తువ్వాలేసుకుని గట్టు మీదే కాపురం పెట్టాడు. తన మోటరు ఆగగానే మా పైపుకేసి చూపు. తనది ఆగింది, మాది పోస్తోంది! ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు. తిన్నగా మా వాకిట్లోకి వచ్చి పడ్డాడు.

"ఒరే ఎర్రా, ఆ గుంటకి ఏటిచ్చావురా? నాది ఆగితే సాలు, నీది తిరగతాది!"

నాకు ఒళ్లు మండిపోయింది. "మాది ఆగినప్పుడు నీది తిరగట్లేదా బావా? అది కనబడదా నీకు?"

"మీది ఆగినప్పుడు నేను ఇంటికాడ బువ్వ తింతన్నాను. నాకేటి తెలుసు?"

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు చెప్పండి! మొత్తానికి ఆయన ఊరుకోలేదు. పెట్టెని తప్పించి, ఇటు తీగా అటు తీగా కలిపేశాడు. ఆయన మోటరు ఆగడం మానేసింది. అది చూసి పక్క పొలం వాడూ కలిపాడు, ఆ పక్కవాడూ కలిపాడు. అడిగితే అందరూ సత్యహరిశ్చంద్రులే. ఆఖరికి మా ఆయన కూడా ప్లయరు పట్టుకుని బయల్దేరాడు. వద్దంటే, "అందరూ తీగలెట్టుకుంటే నేనొక్కణ్ణీ ఎర్రోడినా?" అని నా మీదే ఎగిరాడు.

మొక్కజొన్న పీచు వేసింది. గింజ పట్టే ఆ రోజుల్లో తడి తప్పితే పంట పోయినట్టే. అదిగో, సరిగ్గా అప్పుడే ఒక ఉదయం కరెంటు వచ్చింది, మోటర్లన్నీ ఒక్కసారిగా లేచాయి. నిజానికి ఫ్యూజు ఎగిరిపోవాలి. మాటిమాటికీ పోతోందని మా ఘనులు దాని బదులు లావు తీగ ఎప్పుడో చుట్టేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. నల్ల పొగ, కింద నూనె మడుగు. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చిన బావ, "ఎవడో పెట్టిని కెలికీసినాడు!" అని కేకలేశాడు.

సంహిత లైన్‌మేన్‌ని తీసుకుని వచ్చింది. ఒక్కొక్క పెట్టే తెరుస్తూ పోయింది. బావ దాంట్లో తీగ. మా దాంట్లో తీగ. ఏ పెట్టె చూసినా తీగే. ఆ పిల్ల ఒక్కో తీగా పీకి లైన్‌మేన్ చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది, నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"అప్పది కూడా సూడండి, అదేటి తక్కువ తిన్నాదా?" అన్నాడు బావ.

వదిన పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. వేసిన సీలు వేసినట్టే ఉంది.

బావ మొహం మాడిపోయింది. "ఈ పెట్టిని నువ్వెలాగ నమ్మీసినావే అప్పా?"

"నమ్మడమేట్రా? నీది ఆగినప్పుడే నాది తిరిగీది. ఎన్నేళ్లకో సేను కడుపు నిండా తాగినాది. నువ్వు తీగ కలిపిన కాణ్ణించి మళ్లీ మూలుగుడే. నీకు సెప్దామనుకున్నాను. నన్నూ అనుమానిస్తావని నోరు మూసుకున్నాను."

అన్ని రోజులు గట్టు మీద కూర్చున్నాడు గదా, లైను చివరికి ఒక్కసారి చూపు తిప్పలేదు ఆ మనిషి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇదిగో అదిగో అంటూనే రోజులు గడిచాయి. మాకు పాత నూతులున్నాయి, డీజిల్ ఇంజన్లతో సగమైనా దక్కించుకున్నాం. వదినకి ఆ బోరు తప్ప వేరే దిక్కు లేదు. గెడ్డ ఎండిపోయి ఉంది. బావ కావిళ్లతో నీళ్లు మోశాడు. కావిడి నీళ్లకి చేను తడుస్తుందా?

చివరికి కొత్తది వచ్చింది. ఈసారి పెట్టెల జోలికి ఎవరూ పోలేదు. కరెంటు వచ్చిన కాసేపటికి బావ మోటరు ఆగింది. ఆయన మా పైపుకేసి చూడలేదు, వదిన పొలానికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్లాను. పైపు నిండుగా నీళ్లు దూకుతున్నాయి.

"వస్తన్నాయే అప్పా!" అన్నాడు చిన్న పిల్లాడిలా.

వదిన ఎండిన కర్ర నుంచి ఒక పొత్తు విరిచి, డొప్ప ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. పళ్లూడిన నోరులా అక్కడో గింజ, ఇక్కడో గింజ. ఏదిచ్చినా అటూ ఇటూ తిప్పి చూసే మనిషి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మోటరు ఆపీరా తమ్ముడా," అంది వదిన. "ఇప్పుడు దేనికి తడి?"