ప్రభువుకున్న వ్యసనం

మా టీచరమ్మగారు ప్రభువునందు నిద్రించారని పోయిన నెల నందిగామ ఆసుపత్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. పొద్దున్నే ఫోన్ మోగితే నాకు గుండె జారిపోతుంది. తాగి హైవే మీద నడిచే కొడుకున్నదాన్ని. వాడి కబురు కాదని తెలియగానే ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాతే వచ్చింది. ఆ ఊపిరికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆవిడ నందిగామ బడిలో రిటైరై, చిల్లకల్లులో మా పేటలోనే ఇల్లు కట్టుకున్నారు. బుధవారం సాయంత్రం ఆడవాళ్ల ప్రార్థన కూటం వాళ్ల వరండాలో జరిగేది. మిరపకోతల నుంచి మేం ఆలస్యంగా వెళ్లినా ఏమీ అనేవారు కాదు. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అయినా నా వంతు వాక్యం నాచేతే చదివించేవారు. నేను వేలు పెట్టి ఆగి ఆగి చదువుతుంటే తోటివాళ్లు దగ్గేవారు.

"కంచికచర్లలో ఆగిందని బస్సు బెజవాడ చేరకుండా ఉంటదా? నువ్వు చదువమ్మా" అనేవారు ఆవిడ.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో ఒకసారి, ప్రభువు 'వ్యసనాక్రాంతుడు' అనే మాట నా వంతుకొచ్చింది. అక్కడే ఆగిపోయాను. నాకు తెలిసిన వ్యసనం ఒక్కటే, అది మా ఇంట్లోనే ఉంది.

"ఏవండీ టీచరమ్మగారూ, ప్రభువుక్కూడా ఆ అలవాటుందా అండీ?" అన్నాను.

వరండా అంతా ఒకటే నవ్వు. "ఉంటే మీవాడికి తోడు దొరికినట్టేగా అక్కా!" అంది మా తోటికోడలు. అనరాని మాట అన్నానేమోనని నేను తల దించుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "అది పాతకాలం మాటమ్మా. అప్పట్లో వ్యసనమంటే దుఃఖం. మనుషుల కోసం అంత దుఃఖపడ్డాడని." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ, "మీవాడికి మందు వ్యసనం. ఆయనకి మీవాడు వ్యసనం. మానమన్నా మానలేడు" అన్నారు.

దాంతో నా దిగులు తీరిందంటే అబద్ధం. వీడు ఇలాగే పోతే దేవుడు మొహం తిప్పుకుంటాడేమోనని ప్రతి వారం అడిగేదాన్ని. "నువ్వు తిప్పుకున్నావా పిచ్చిదానా? నీకున్నపాటి జాలి ఆయనకి లేదా?" అనేవారు, ఏ వారమూ విసుక్కోకుండా. ఊళ్లో అందరూ మీవాడు మానేశాడా అని అడుగుతారు. ఆవిడ మాత్రం అన్నం తిన్నాడా అని అడిగేవారు.

ఇప్పుడు బుధవారం వస్తే కాళ్లు అటే లాగుతాయి. వరండాకి తాళం. అదే ప్రశ్న మళ్లీ ఎవరిని అడగను?

సమాధి చేసిన రోజు మావాడూ వచ్చాడు. అరుస్తాడేమో, పడిపోతాడేమో అని నేను హడలిపోయాను. సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టబోతే టీచరమ్మగారి అమ్మాయి, "రానివ్వండి బాబాయ్, అమ్మకి కావలసినవాడు" అంది. వాడు వంగి మట్టి తీశాడు. చెయ్యి వణికి మట్టంతా వాడి కాళ్ల మీదే పడింది. రెండోసారీ అంతే. ఆ వణుకు తాగినందుకో, ఆ రోజు తాగనందుకో నాకు తెలియదు. దగ్గరికెళ్లి వాడి గుప్పిటను నా రెండు చేతులతో పట్టుకుని గుంట మీదికి చాపాను. అప్పుడు విప్పాడు. పెట్టె మీద మట్టి రాలిన చప్పుడు వినబడింది.

"పడిందా అమ్మా?" అన్నాడు.

"పడిందిరా" అన్నాను. వాడు చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.