పగిలిన ట్యాంకు అప్పగింత

నా చిన్నప్పుడు, సౌదీలో ఖతీఫ్‌లోని మా రెండు గదుల ఫ్లాటులో కూడా మా తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకునే భోజనానికి కూర్చునేవారు. యానాంలో ఆయన తండ్రి ఫ్రెంచి దొరలకు దుబాసీ. దొరలు ఊరితో ఒక మాట అనాలన్నా, ఊరి మాట వినాలన్నా మా వాళ్ళ నోటి మీదుగానే. తాతయ్య అక్కడి ప్రభుత్వ కట్టడాలన్నిటి బాగోగులూ చూసే పెద్ద. ఆస్తి కరిగినా ఆయన వెన్ను వంగలేదు. నాకూ వంగదు.

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది ఆయన విజిట్ వీసా మీద మమ్మల్ని చూడటానికి వచ్చారు. ఊరి బయట క్యాంపు వేసిన పరాయి సైన్యం ఒకటి, ఆ షెడ్లనూ జనరేటర్లనూ నీళ్ళ ట్యాంకులనూ సౌదీ ప్రభుత్వానికి ఇచ్చి వెళ్ళిపోతోంది. అన్నీ బాగున్నాయని సంతకం పెట్టవలసింది అక్కడి మెయింటెనెన్స్ ఇంజనీరైన మా నాన్న. పెద్ద ట్యాంకు అడుగున పగులుంది. వెళ్ళేవాళ్ళు దాని మీద రంగు పూసేశారు. చెబితే పని ఆగుతుంది, నాన్నను పనిలో పెట్టుకున్న సౌదీ యజమాని, కఫీల్‌కు, కోపం వస్తుంది, గడువు తీరబోతున్న ఇఖామా, అదే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, మళ్ళీ రాదు. మేమంతా సామాను సర్దుకోవాలి.

భోజనాల దగ్గర నాన్న ఈ సంగతి చెప్పి, "ఉత్త హ్యాండోవరే కదండీ మామగారూ. సంతకం పెడితే నా పని అయిపోతుంది" అన్నారు.

"హ్యాండోవరంటే మన భాషలో ఏంటండీ అల్లుడుగారూ?"

"అప్పగింత."

"ఆయ్. మా అమ్మాయి చేతులు పాలల్లో ముంచి మీ అమ్మగారి చేతుల్లో పెట్టినప్పుడు నేనేం చెప్పానో గుర్తుందాండీ?"

నాన్న నవ్వు ఆపుకున్నారు. "మొండిదన్నారు. పొద్దున్నే లేవదన్నారు. కడుపులో పెట్టుకోమన్నారు."

"ఊరందరి ముందూ చెప్పావు నాన్నా," అంది అమ్మ, చారు గిన్నె గట్టిగా కింద పెడుతూ. "మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతారు."

"దెప్పుతారు గానీ, దాచానని అనలేదు కదమ్మా."

ఫ్రెంచివారు యానాం విడిచి వెళ్ళినప్పుడు ప్రభుత్వ భవనాలను మన అధికారులకు అప్పగించింది తాతయ్యే. కచేరీ పైకప్పు కారుతుందనీ, జైలు గోడ ఒకటి గుల్లబారిందనీ ఆయన ముందే చెప్పారట. పాత దొరలకు చిన్నతనమైంది. కొత్తవాళ్ళు అనుమానంగా చూశారు. ఆయన ఉద్యోగం నిలవలేదు. "కానీ ఆ గోడ కూలిననాడు దాని పక్కన ఒక్క మనిషి లేడండీ. ముందే ఖాళీ చేయించారు," అని చెప్పి తాతయ్య అన్నంలో మజ్జిగ పోసుకున్నారు.

మర్నాడు సౌదీ అధికారి "కుల్లు తమామ్?" అన్నాడట, అంతా బాగుందా అని. నాన్న "లా, ముదీర్" అని, అంటే లేదు సార్ అని చెప్పి, ట్యాంకు దగ్గరకు తీసుకెళ్ళి రంగు గీకి చూపించారు. దాన్ని బాగుచేశాకే ఆ సైన్యం కదిలింది. కఫీల్ మాత్రం ఇఖామా పొడిగించలేదు. పాస్‌పోర్టుల్లో ఎగ్జిట్ ముద్ర కొట్టించి మమ్మల్ని ఇండియా పంపేశాడు. అందుకు నాన్న చింతించగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ తరువాత మా ఆస్తులు ఒక్కొక్కటే చెయ్యి మారాయి. కొనేవారికి నేను లోపం ముందు చెబుతాను, ధర తరువాత. ఆఖరున అమ్మింది గౌతమి గట్టు మీది కొబ్బరితోట. సగం చెట్లకు తెగులుందని చెప్పే అమ్మాను.