నూటికి నూరు

మహబూబాబాద్‌లో పాత కరెంటు కార్లు అమ్మిపెట్టే సదానందానికి కుడిచేతి చిటికెనవేలి గోరు పొడుగ్గా ఉంటుంది. దాంతో పళ్ల సందుల్లోని గుట్కా తీస్తాడు. తుడుచుకోకుండా అదే గోటితో కారు తెర మీది ఛార్జింగ్ అంకెను కొడతాడు. "సూడు, నూటికి నూరు! బ్యాటరీ కొత్తదాని లెక్కనే ఉన్నది." కొనేవాళ్లు వచ్చేలోపే నిండా ఛార్జింగ్ పెట్టి ఉంచుతాడు. గ్లాసు నిండుగా ఉందని చూపిస్తాడు గానీ, వాడీ వాడీ ఆ గ్లాసే ఎంత చిన్నదైపోయిందో చెప్పడు. నెల్లికుదురు నుంచి కారు కొనడానికి వచ్చిన రజిత, తన తల్లిని వారానికి రెండుసార్లు వరంగల్‌కు డయాలసిస్ కోసం తీసుకెళ్లాలి. "షోరూంల ఒకసారి బ్యాటరీ చెక్ చేయిద్దామా అన్నా?" అని అడిగింది. "మంచిగున్న మనిషిని దవాఖానకు తోల్కపోతరా చెల్లె? జల్ది సంతకం పెట్టు, నేను వరంగల్ల లగ్గానికి పోవాలె," అని ఎర్రటి పళ్లతో నవ్వాడు. కారు వెనక సీట్లో కూర్చున్న రజిత తల్లి చెంపను ఆ చేత్తోనే నిమిరాడు. ఆమె కొంగుతో తుడుచుకుంది. సంతకాలయ్యాక రజిత ముందు తలుపు తీసి పట్టుకుంది. "అమ్మను తీస్కొని ఇట్నుంచే వరంగల్ పోతున్న. ఎక్కు అన్నా, లగ్గం కాడ దింపుత." సదానందం కారును ఒకసారి కిందికీ మీదికీ చూశాడు. మోరీలోకి ఉమ్మేశాడు. "వద్దు చెల్లె, నేను టైంకు చేరాలె," అని బస్టాండు వైపు నడిచాడు.