పెన్సిల్ కట్టిన నోటుబుక్కు

యూనిక్స్ కంప్యూటర్ల మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. కొత్తగా చేరినవాళ్లకు ఫైలు అనుమతులు చెప్పాల్సి వస్తే నాకు ముందు మా మేనమామ ముత్యాలయ్యే గుర్తొస్తాడు. సొంతదారు, అతని గుంపు, బయటివాళ్లు: వీళ్లలో ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు నడపొచ్చు అనేది విడివిడిగా పెట్టాలి. మామ కంప్యూటర్ మొహం చూడలేదు గానీ ఈ లెక్క ఆయనకు కొట్టిన పిండి.

1962లో, తడ దగ్గర పులికాట్ ఒడ్డున మా ఊళ్లో వల వేసే చోట్లకు వంతులుండేవి. ఆ వంతుల పేర్లు రాసే నోటుబుక్కు మామది. ఒడ్డున పాకలో గుంజకు వేలాడేది. ఆ పాకలోని తడివలల వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. ఎంత బాగుండేవో ఆ రోజులు! చేపలు కొనడానికొచ్చిన బేరగాడైనా బుక్కు విప్పి చూడొచ్చు. రాసేది మాత్రం మామ ఒక్కడే. వంతు మొదలుపెట్టించేది ఊరిపెద్ద చెంచయ్య. ఒకసారి కొట్టేసిన పేరు, ఎవరైనా తమ వంతు ఇచ్చుకుంటే తప్ప, ఆ ఏడాది తిరిగి రాయకూడదని కట్టుబాటు.

ఆ ఏడు మామ జ్వరంతో పదిరోజులు సూళ్లూరుపేటలో పడకేశాడు. పోతూ పోతూ పెన్సిల్‌ను నోటుబుక్కుకే తాడేసి కట్టాడు. "అందరూ మనోళ్లే, అవసరమైతే రాసుకుంటారులే" అన్నాడట మహానుభావుడు. కంప్యూటర్ల దగ్గర మేమూ అంతే. పని జరగడం లేదని చిరాకుపడి, అందరికీ అన్నీ తెరిచే 777 కొట్టి చేతులు దులుపుకుంటాం.

తిరిగొచ్చేసరికి, మొగుడు పోయిన గురవమ్మ పేరు అడ్డంగా కొట్టేసి ఉంది. ఆమె కిందున్న పదిమందీ ఒక్కో చోటు ముందుకు జరిగారు. ఎవరినని అనాలి? పెన్సిల్ అందరికీ అందింది. వంతు పోతే ఆ ఏడాది గురవమ్మ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

"నా పేరేందన్నా ఇట్టయింది?" అంటూ ఆమె గుడ్లనీరు కుక్కుకుంది.

"తప్పు నాదేలేమ్మా" అని మామ తన పేరు కొట్టేసి, పక్కన ఆమె పేరు రాశాడు.

చెంచయ్య చూస్తూ నిలబడ్డాడు. "నీ వంతు నువ్విచ్చుకుంటే ఎవురు కాదంటారు? మరి నువ్వేం తింటావబ్బా?"

మామ పెన్సిల్ తాడు విప్పుకున్నాడు. ఆ ఏడాదంతా మామ మా నాన్న పడవలో కూలికి వల లాగాడు.

చాలా ఏళ్లకు మామ పోయాడు. పదోరోజు చుట్టాలంతా వెళ్లాక మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గురవమ్మ పేరు కొట్టేసింది నేనేరా, నా వంతు ముందుకొస్తుందని. ఏడాదిపాటు మీ మామ నా ఎదురుగానే కూర్చోని సద్ది తిన్నాడు. అడిగుంటే చెప్పేసేవాణ్ణి. ఒక్కనాడూ అడగలా."