మూడు మూరల కొప్పు

"బుధవారం. పొద్దున్న మంచు, తొమ్మిది దాటాక ఎండ. తాటినార తొట్టిలో నానవేశాను."

ఆ రోజు నా పుస్తకంలో ఇంతవరకే ఉంది. నార తేలకుండా రాయి పెడుతుంటే ఫోను మోగింది. తాటాకు పాకలు నేసే మామ తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని ఆయన కూతురు చెప్పింది.

మామ నాకు చుట్టం కాదు. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో అందరూ ఆయన్ని మామ అనే పిలిచేవారు. బెల్లం వండే పాకలు, పశువుల పాకలు నేస్తూనే ముసలివాడయ్యాడు. మా చెరకు తోట పక్కనున్న బెల్లం పాక మూడుసార్లు ఆయన చేతి మీదే కొత్తదయింది.

పాక ఎక్కితే మామ మాట్లాడేవాడు కాదు. మాట్లాడడానికి నోరు ఖాళీ ఉండేది కాదు. తడి నార పోగులు గుత్తిగా పళ్ల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే లాగి కట్టేవాడు. ఆరిన నార ముడి దగ్గర తెగుతుంది, నోట్లో ఉంటే తడి పోదు. కింది నుంచి ఏం అడిగినా ఒకటే జవాబు, "ఊఁ". పొట్టి ఊఁ అయితే సరే అని. సాగదీసిన ఊఁ అయితే నీకెందుకు, ఆకు అందించు అని. దిగాక మాత్రం పొద్దున్నుంచి ఆగిన మాటలన్నీ ఒకేసారి వచ్చేవి. అందులో సగం ఆకు కొట్టేవాళ్ల మీద. "మొవ్వు జోలికెల్లకండ్రా, లేత సిగురది. సెట్టు బతికుంటేనే మల్లీ పాక" అనేవాడు.

రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి మామ కుడిచెయ్యి పడిపోయింది. ఆ వానాకాలమే మా పాక కారింది. నేను ఎవరినీ అడగకుండా ఆకు కింద నీలం ప్లాస్టిక్ బరకం పరిచాను. తెలివైన పని చేశాననుకున్నాను. బెల్లం వండే రోజులొచ్చాక పెనం మీది ఆవిరికి పైకి పోయే దారి లేకపోయింది. బరకానికి పట్టి, మసితో కలిసి, చుక్కలు చుక్కలుగా పాకంలో పడింది. దిమ్మలు గట్టిపడలేదు. పైన పొగ తగలని ఆకుకి చెద పట్టింది.

మామని ఆటోలో తీసుకొచ్చాను. పాకలోకి వచ్చి తలెత్తి చూశాడు.

"ఏటిరా ఇది?"

"బరకం మామా. కారకుండా."

"కారకుండా సేసేవు, ఊపిరాడకుండా కూడా సేసేవు. పాక మూతి కట్టేసేవు గదరా." తల దించి, "రేకులేసేసుకో. అందరూ ఏసుకుంతన్నారు. నాకేటి" అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

రేకులు వేద్దామా, మళ్లీ ఆకే వేద్దామా అని తేలక ఫోనులో ఆకు కప్పుల గురించి వెతికాను. జపాను వాళ్ల వీడియోలు వచ్చాయి. మధ్యాహ్నాలు మామ మంచం పక్కన కూర్చుని ఇద్దరం చూసేవాళ్లం. అక్కడ రెల్లులాంటి గడ్డితో మూరకి పైన మందాన ఇళ్లు కప్పుతున్నారు. ఒక ఇంటి మీదికి ఊరంతా ఎక్కింది. ఇంటి నడుమ పొయ్యి ఉంది, గొట్టం లేదు, పొగ గడ్డిలోంచే పోతోంది.

"ఈల్లూ బెల్లం వొండుతారేటిరా?" అన్నాడు మామ.

కాదు, వంటకీ చలికీ అట, పొగ పట్టిన గడ్డి చాలా ఏళ్లు ఉంటుందట అన్నాను.

"నాను సెప్తే ఇన్నేదు, జపానోడు సెప్తే ఇన్నావు."

గడ్డి చూరుని పెద్ద కత్తెరతో సమంగా కత్తిరించడం మాత్రం ఆయనకి నచ్చలేదు. "పాకకి కటింగెందుకురా, పెల్లికెల్తాదా?"

ఒకరోజు గుడి కప్పుకి చెట్టు బెరడు పరిచేవాళ్లని చూశాం. చెట్టు చావకుండా పై బెరడు మాత్రమే ఒలుస్తారట, కొన్నేళ్లకి మళ్లీ వస్తుందట. ఆ పనివాడు వెదురు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మధ్యకి తెచ్చి, తీసి కొడుతున్నాడు. మామ లేచి కూర్చోబోయాడు. ఆ ముక్క మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"ఈడూ పనిలో మాటాడ్డన్నమాట" అన్నాడు. నేను వెళ్లబోతుంటే వెనక్కి పిలిచాడు. "ఒరే, ఆకు కొట్టించు. కొప్పు ముడి నాను సెప్తాను. నువ్వు కట్టు."

పాకకి రెండు వాలులూ కలిసే నడినెత్తి కొప్పు. ఆకు పరచడం వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. కొప్పు కట్టడం మా వైపు మామ ఒక్కడికే మిగిలింది. అక్కడ ముడి వదులైతే మొదటి గాలికే పాక విప్పుకుంటుంది.

మంచం కోడుకి వెదురు బద్ద కట్టి నేర్పాడు. కుడిచెయ్యి ఆడదు కాబట్టి ఎడమచేత్తో, రెండో కొస పళ్లతో పట్టుకుని. నేను చూసింది చూసినట్టు నేర్చుకున్నాను. పదిహేను రోజులయ్యాక నా ముడిని వేలితో తడిమాడు.

"ఏటిరా, ఎడంసేతి ముడేసేవు?"

"నువ్వలాగే సూపించేవు మామా."

విప్పమంటాడనుకున్నాను. బద్ద పట్టుకుని గట్టిగా గుంజాడు. కదల్లేదు.

"ఉండనీ" అన్నాడు.

ఈ కార్తీకంలో బరకమూ పాత ఆకూ దింపాం. పాత ఆకు చేలో ఎరువుకి వేశాం. కొత్త ఆకు కూలీలు పరిచారు, కొప్పు నేను మొదలుపెట్టాను. అది పూర్తయ్యాక ఒకసారి చూడాలని మామ అడిగాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఆదివారం తీసుకొస్తానన్నాను. శనివారం పని ఆపి మాడుగులలో ఒక పెళ్లికి వెళ్లాను. నేను వెళ్లకపోయినా జరిగే పెళ్లే. ఆదివారానికి మూడు మూరల కొప్పు మిగిలిపోయింది. హల్వా పట్టుకుని మామ దగ్గరికి వెళ్లాను. చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు.

"హల్వా బాగుంది. కొప్పేటైంది?"

"మూడు మూరలుంది మామా. బుధారం తీసుకెల్తాను."

"ఊఁ" అన్నాడు. పొట్టిదో సాగదీసిందో పోల్చుకోలేకపోయాను. నోట్లో హల్వా ఉంది.

సోమ, మంగళవారాలు ముసురు. తడి ఆకు మీద కాలు నిలవక ఎక్కలేదు. బుధవారం సంగతి మొదటే చెప్పాను.

ఇవాళ శుక్రవారం. మొన్న బుధవారం నానవేసిన నారే తీసుకుని ఎక్కాను. కింద మా ఆవిడ పెనం కింద చెరకు పిప్పి అంటించింది, కొత్త ఆకుకి పొగ పట్టించాలని. కాసేపటికి నా మోకాళ్ల చుట్టూ ఆకులోంచి సన్నగా పొగ లేచింది.

"ఏటండీ, అన్నం తినీసి కట్టొచ్చు కదా. మిగిలింది ఏపాటిది?" అని కింది నుంచి కేకేసింది.

నా నోట్లో నార ఉంది. "ఊఁ" అన్నాను. ఏ ఊఁ అనుకుందో, వెళ్లిపోయింది.

కొప్పు పొడుగునా ముడులన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి. నాది కుడిచేతి వాటం. ఎప్పుడో ఈ పాక విప్పేవాళ్లు, కట్టినవాడిది ఎడమచెయ్యి అనుకుంటారు. అనుకోనీ.

"శుక్రవారం. మంచు లేదు, ఎండ. ఆకులోంచి పొగ అంతటా ఒకేలా వచ్చింది. మిగిలిన మూడు మూరల్లో రెండు కట్టాను. మూడోదానికి నార చాలలేదు, మళ్లీ తొట్టిలో నానవేశాను."