రూతును సిరేనా అని పిలిచే చోటికి

మా చెల్లి రూతు రెండు రోజులుగా ఇంటికి రాలేదు. ఫోన్ కలవలేదు. సినిమాల్లో హీరోయిన్‌కు బదులు నీళ్లలో దూకడం దాని పని. వెతకడానికి అది షూటింగ్‌కు వెళ్లిన ఫిల్మ్‌నగర్ స్టూడియోకు నేనే బయలుదేరాను. చదివింది అయిదో తరగతి, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

ఉదయం ఏడింటికి రహమత్ నగర్ నుంచి యూసఫ్‌గూడ దాకా నడిచాను. ఏడున్నరకు బస్సు దొరికింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పక్క సీటులో ఒక వంటామె నా ముఖం చూసి, ఎక్కడికని అడిగి తెలుసుకుంది.

"పెద్ద గేటుకాడ నిలబడకు బిడ్డా, ఎవ్వరు పలకరు. సామాను బండ్లు పోయే ఎనక గేటుకాడికి పో."

మీరు వెళ్లినా అలాగే చేయండి. చెక్‌పోస్టులో ఇడ్లీ తీసుకున్నాను, సగం కూడా దిగలేదు. అక్కణ్నుంచి షేర్ ఆటో.

ఎనిమిదిన్నరకు ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో వెనక గేటు దగ్గర రూతు పేరు చెప్పాను.

"గా పేరుగల్లోళ్లు ఈడ లేరమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"చేప తోక కట్టుకొని నీళ్లల్ల దుంకుతదన్నా."

"అగో, సిరేనానా! ముందుగాల చెప్పరాదు?"

లోపలికి నడిపిస్తూ ఆయనే చెప్పాడు. నీళ్లలో కెమెరా పట్టేవాళ్లు విదేశాల వాళ్లట. మత్స్యకన్యను ఇటలీ ఆయన సిరేనా అంటాడు, ఫ్రాన్స్ ఆమె సిరెన్ అంటుంది, పోర్చుగల్ ఆయన సెరేయా అంటాడు.

"మూడు ఒక్క తీరుగనే ఉంటయి. ఏది పిల్చినా పలుకుతది. అసలు పేరు ఎవ్వరడుగుతరు?"

రూతు నీళ్ల తొట్టి పక్కన చాప మీద పడి ఉంది. నడుము నుంచి కిందికి రబ్బరు తోక. దాన్ని అతికించడానికి మూడు గంటలు పడుతుందని రెండు రాత్రులూ విప్పలేదు. బాత్రూముకు పోవడం కుదరదని రూతు మంచినీళ్లు కూడా తాగలేదు. ఒళ్లు కాలిపోతోంది.

నేను జాకెట్లు కుడతాను, సంచిలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీశాను.

"కొయ్యకమ్మా! తోక పాడైతే ఈమెను మల్ల ఏ కంపెనీ పిలవదు," అని షూటింగ్ మేనేజర్ పరుగెత్తుకొచ్చి అరిచాడు.

రూతు నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఇయ్యాల ఒక్కరోజే ఉంది."

కోశాను. లోపల కాళ్లు తెల్లగా, ముడతలు పడి, చల్లగా ఉన్నాయి. వాచ్‌మన్, నేను చెరోవైపు పట్టి మోశాం. వెనక మేనేజర్ ఫోన్లో చెబుతున్నాడు.

"పాత తోక ఒకటున్నది. ఇంకో సిరేనాను పంపు. సన్నగుండాలె."

తిరుగు ప్రయాణం ఆటోలో, నేరుగా ఆసుపత్రికి. జూబ్లీహిల్స్ ఇళ్లు, గోడల మీది పూలు చూడదగ్గవే అంటారు. నేను రూతు పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ వచ్చాను, ఇంకేమీ చూడలేదు. చెక్‌పోస్టు దగ్గర బొటనవేలు గిల్లాను.

"తెలుస్తున్నదా?"

"లేదక్కా."

యూసఫ్‌గూడ దాటాక ఇంకా గట్టిగా గిల్లాను. రూతు కాలు లాక్కోలేదు, ఎప్పుడు గిల్లుతానా అని నా ముఖమే చూస్తోంది.